వెంకటదుర్గ పెన్షన్

"నీకేం ఆదాయం ఉందని పన్ను పడుతుంది? లేనిపోని భయాలు పెట్టుకోకు. ఆ పాలసీ సరెండర్ చేసేస్తే పక్క సైటుకి అడ్వాన్సు ఇచ్చేయొచ్చు" అన్నాడు సత్యప్రసాద్, ఇంకో పెసరట్టు వేయమన్నట్టు పళ్ళెం ముందుకు జరుపుతూ.

వెంకటదుర్గ పెనం మీద అల్లం, మిర్చి ముక్కలు జల్లింది. మొగుడి మాటలో ఆమెకు తప్పేమీ కనిపించలేదు. నిజమే కదా, తనకేం ఆదాయం? మండపేటలో వాళ్ళది ఎరువులు, పురుగుమందుల కొట్టు. బోర్డు మీద మామగారి పేరు, గల్లాపెట్టె ముందు మొగుడు. దుర్గ పేరున ఉన్నదల్లా ఒక్క చిన్న ప్రైవేటు పెన్షన్ పాలసీ. ఇరుగుపొరుగు చీరలకు ఫాల్సు కుట్టి, ఆ డబ్బు ఇంటి ఖర్చుల్లో కలిసిపోకుండా కాపాడుకుంటూ ఇన్నేళ్ళూ ప్రీమియం కట్టుకొచ్చింది. ఏడాదికోసారి సత్యప్రసాద్ ఆ రసీదు అడిగి మరీ తీసుకునేవాడు. తన పాలసీ మీద ఆయనకెంత శ్రద్ధో అని మురిసిపోయేది, పిచ్చిది.

వచ్చే నెలతో గడువు పూర్తవుతుంది. ఆ తర్వాత బతికున్నంతకాలం నెలనెలా ఎంతో కొంత వస్తుంది. ఆ కాస్త డబ్బు కూరలకైనా రాదని మొగుడి వెటకారం. కానీ అడగాల్సిన పని లేకుండా వస్తుంది. అడగడమంటే ఏమిటో ఆయనకేం తెలుసు? చెప్పులు తెగితే, బేరాలు బాగా జరిగిన రోజు చూసుకుని, ఆయన ముఖంలో చిరాకు లేని వేళ చూసుకుని అడగాలి. "మొన్ననేగా ఇచ్చాను" అంటాడు. ఆ మొన్న ఎప్పుడో దేవుడికే తెలియాలి. లోడు దిగిన రోజు బస్తాలు మోసే ముఠావాళ్ళకి కూడా వండి పెట్టేది తనే. సాయంత్రం కంప్యూటరు ముందు కూర్చుని బిల్లులన్నీ ఎక్కించేదీ, కోతలయ్యాక బాకీలు గుర్తుచేస్తూ రైతులకు ఫోన్లు చేసేదీ తనే. అదంతా పని అని ఎవరూ అనలేదు. తనూ అనుకోలేదు.

అయినా పాలసీ వదులుకోవడానికి మనసొప్పలేదు. "ఓసారి ఆడిటరు గారిని అడుగుదామండి" అంది. ఎలాగూ రిటర్నుల పనుంది కదా అని సత్యప్రసాద్ ఆమెను కారులో రాజమండ్రి తీసుకెళ్ళాడు.

ఆడిటరు చంద్రరావు చిన్నప్పుడు సత్యప్రసాద్‌తో కలిసి చదువుకున్నాడు. కాఫీ తెప్పించి, పాలసీ కాయితాలు చూసి, పెదవి విరిచాడు.

"ఇప్పుడు సరెండర్ చేస్తే మొత్తం మీ ఆదాయంలో కలుస్తుంది చెల్లెమ్మా. ఏటా ఈ ప్రీమియం చూపించి మినహాయింపు వాడుకున్నాం కదా. అసలే జీతం, దానికి ఇదీ తోడైతే పన్ను గట్టిగానే పడుద్ది. గడువు దాకా ఆగారనుకోండి, మూడోవంతు పన్ను లేకుండా చేతికొస్తుంది. మిగతాది నెలనెలా పెన్షన్. దానికి ఏ ఏటి పన్ను ఆ ఏడే."

దుర్గ ఒక్క మాట దగ్గరే ఆగిపోయింది. "ఎవరి జీతమండి?"

"మీదేనండి."

"నాకు జీతమేంటండి?"

చంద్రరావు స్నేహితుడి వంక చూశాడు. స్నేహితుడికి సరిగ్గా అప్పుడే ఫోనులో ఏదో ముఖ్యమైన పని తగిలింది.

"అదేనమ్మా, కొట్టు లెక్కలు చూస్తున్నందుకు నెలనెలా ఇస్తున్నట్టు రాస్తున్నాం. వాడికి కాస్త పన్ను తగ్గుతుందని. మామూలుగా అయితే పెళ్ళానికిచ్చిన జీతం మొగుడి ఆదాయంలోనే కలిపేస్తారు. మీరు బీకాం చదివారు, నిజంగానే లెక్కలు చూస్తున్నారు కాబట్టి మనకి చెల్లింది. మీ చదువు భలే అక్కరకొచ్చిందండి!" అని మెచ్చుకున్నాడు కూడా.

బీకాం! "కోడలు బీకాం చదివితే మన పప్పేమైనా త్వరగా ఉడుకుద్దా?" అని అత్తగారు వచ్చినవాళ్ళందరి ముందూ నవ్వేది. పెళ్ళైన కొత్తలో బ్యాంకు పరీక్ష రాస్తానంటే, "మనకి కొట్టుండగా ఇంకోడి దగ్గర జీతానికెళ్తావా? పరువు తక్కువ" అన్నాడీయన. పెద్దాపురంలో అమ్మకి కంటి ఆపరేషనన్నప్పుడు ఈయన దగ్గరే చెయ్యి చాచింది. "సీజన్లో ఎక్కణ్ణుంచి తెమ్మంటావు?" అంటే, నిజమే కాబోలని తన గాజులు తాకట్టు పెట్టుకుంది. ఆ ఏడాది కూడా తనకు జీతం ఇచ్చినట్టే రాసి ఉంటారు. ఏటా ఆయన తెచ్చిన కాయితాల మీద, చెయ్యి కొంగుకు తుడుచుకుని, చూపించిన చోటల్లా సంతకాలు పెట్టింది. మొగుడి దగ్గర చదివి సంతకం పెట్టేదెవరు? తను చేసేది పనేనని ఆయనకు తెలుసు. దాని ఖరీదెంతో తెలుసు. సర్కారు వారికి లెక్క కట్టి మరీ చెప్పాడు. తనకొక్కదానికే చెప్పలేదు. ఇంత మోసమా అని గుండె మండింది. ఆ మంటలోనే ఏడుపూ వచ్చింది.

"కాయితాల మీద రాతే కదా దుర్గా, అంతలా చూస్తావేంటి?" అన్నాడు సత్యప్రసాద్. "మన బజార్లో అందరూ చేసేదే. ఆ డబ్బు ఎక్కడికి పోయింది? మనింట్లోనేగా ఉంది."

"మరి పొద్దున నాకేం ఆదాయం అన్నారు?"

"ఇంట్లో మాటలు ఇక్కడెందుకు?" అని గొంతు తగ్గించి, ఆడిటరు వైపు తిరిగాడు. "పన్ను పడితే పడిందిలేరా, సరెండర్ చేయించెయ్. సైటువాడు ఆగడు."

"నేను సరెండర్ చెయ్యను" అంది దుర్గ. "గడువయ్యాక మూడోవంతు తీసుకుంటాను. మిగతాది నెలనెలా నా ఒక్కదాని ఖాతాలో పడాలి."

"ఆ కాస్త డబ్బుతో ఏం చేస్తావే?"

"ఏం చేశానో మీకు చెప్పక్కర్లేకుండా ఖర్చు పెట్టుకుంటాను."

మొగుడూ పెళ్ళాల గొడవలో ఇరుక్కోవడం ఇష్టంలేని చంద్రరావు గొంతు సవరించుకున్నాడు. "సరే, పెన్షన్ సంగతి గడువయ్యాకే చూద్దాం. ఈ ఏడాది చెల్లెమ్మ జీతం మటుకు ఎప్పట్లాగే రాసెయ్యనా?" అని స్నేహితుణ్ణి అడిగాడు.

జవాబు దుర్గ చెప్పింది.

"రాయండి అన్నయ్యగారూ. ఇచ్చాక రాయండి."