లెక్కల టీచరు కారులో స్టీరియో

లెక్కల టీచరు తన పాత కారులో కొత్త స్టీరియో పెట్టించుకోబోతోందన్న సంగతి వారం తిరక్కుండానే పాత కార్ల క్లబ్బంతా పాకిపోయింది. ముందుగా ఫోన్ చేసినవాడు క్లబ్బు కార్యదర్శి.

“నేను విన్నది అబద్ధమనే అనుకుంటున్నానండీ,” అన్నాడు.

“నిజమేనండీ.”

అవతల గొంతు సవరించుకున్న చప్పుడు. “ఒకసారి ఆలోచించుకోండి. తొందరపడకండి.”

తొందర అన్న మాటకు ఆమెకు నవ్వొచ్చింది. ఆ కారు ఇంటికొచ్చి ముప్ఫై ఒక్క ఏళ్ళు.

ఆమె భర్త గడియారాలు బాగుచేసేవాడు. ఎవరిదో షెడ్డులో కోళ్ళు గుడ్లు పెట్టుకుంటున్న ఆ కారును లారీకి కట్టించి లాక్కొచ్చాడు. దాన్ని మనిషిని చేయడానికి పదకొండేళ్ళు పట్టింది. డాష్‌బోర్డు చెక్కను నున్నగా రుద్ది, వార్నిష్ మీద వార్నిష్ వేస్తూ రెండు నెలలు భోజనాల బల్ల మీదే ఉంచాడు. ఆ రెండు నెలలూ ఇద్దరూ కింద కూర్చుని తిన్నారు. ఆ చెక్క నడుమ రెండు గుండ్రటి మీటలూ, వేలెడంత అద్దమూ ఉన్న రేడియో ఒకటి ఉండేది. కారు పుట్టినప్పటిదే. పలకదు.

“పలకనిదాన్ని తీసెయ్యొచ్చుగా,” అనేది ఆమె.

“అది కారుతోపాటు వచ్చిందే.”

“నేనూ మీతోపాటే వచ్చాను. పలుకుతున్నానా లేదా?”

ఆయన నవ్వేవాడు. రేడియో మాత్రం కదిలేది కాదు. దారిలో ఆమె ఏదైనా కూనిరాగం తీస్తే, “ఉండవే, ఇంజన్లో టాపెట్ల చప్పుడు వినపడట్లేదు,” అనేవాడు. చెడ్డవాడు కాదు. ఆమె పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ కూర్చున్న పొద్దుల్లో అడక్కుండానే టీ తెచ్చిపెట్టేవాడు. ఆమెకు జ్వరమొస్తే దుకాణం తెరిచేవాడు కాదు. కానీ కారెక్కితే మాత్రం ఇంజను మాట్లాడాలి, మనుషులు వినాలి. అన్నేళ్ళూ ఆమె విన్నది.

ఆయన పోయాక కారు తన పేరున రాసి ఉందని తెలిసి, అరవై ఒకటో ఏట డ్రైవింగ్ నేర్చుకుంది. నేర్చుకున్నాక మొదట చేసిన పని, ఫోనులో పాట పెట్టి, దాన్ని స్టీలు గ్లాసులో నిలబెట్టి పక్క సీటులో ఉంచడం. గ్లాసులో పెడితే గొంతు కాస్త పెరుగుతుంది. ఒకరోజు మలుపులో ఆ గ్లాసు దొర్లి బ్రేకు కింద ఇరుక్కుంది. ఎదురుగా పాల వ్యాను. కాలితో గ్లాసును తన్ని, బ్రేకు తొక్కి, వ్యానుకు జానెడు దూరంలో ఆగింది. వ్యానతను దిగి నానా మాటలూ అన్నాడు. ఆమె అన్నీ విని, అటునుంచి అటే కారును ఫ్యూజక్క షాపుకు తిప్పింది.

ఫ్యూజక్కది కార్ల కరెంటు పని. తండ్రి బ్యాటరీల షాపును ఆమే నడుపుతోంది. పదో తరగతి లెక్కల్లో ఈ టీచరు దగ్గరే రెండుసార్లు తప్పింది. బానెట్ ఎత్తి, బ్యాటరీ చూసి, నాలుక చప్పరించింది.

“టీచరుగారూ, మీ బండి తలకిందులుగా ఉంది.”

“అంటే?”

“ఇప్పటి బండ్లకి బ్యాటరీ మైనస్ వైరు బాడీకి కలుపుతారు. దీనికి ప్లస్ కలిపారు. ఆ కాలంలో అలాగే చేసేవాళ్ళు. కొత్త స్టీరియో తెచ్చి ఇలాగే బిగించామనుకోండి, పాట రాదు, పొగొస్తుంది.”

“అయితే గుర్తు మార్చు.”

“అంత తేలిగ్గా అనేశారే. ఇటున్నది అటు పట్టుకెళ్ళాలి, అటున్నది ఇటు.”

“అటు వెళ్తే గుర్తు మారుతుందని నీకు రెండేళ్ళు మొత్తుకున్నాను. ఇప్పటికైనా అర్థమైందిగా.”

ఫ్యూజక్క పడీపడీ నవ్వి, పని ఒప్పుకుంది. రెండు రోజులు పట్టింది. బ్యాటరీ తీగలు తారుమారు చేసింది. కాయిల్‌వీ, డాష్‌బోర్డులో కరెంటు చూపించే ముల్లువీ తీగలు మార్చింది. డైనమోకు ఒక తీగను క్షణంపాటు తగిలించి తీసేసరికి చిన్న నిప్పురవ్వ లేచింది. టీచరు అడుగు వెనక్కి వేసింది. “భయపడకండి, దానికి కొత్త పాఠం చెప్పాను, అంతే,” అంది ఫ్యూజక్క. స్టార్ట్ చేస్తే ముల్లు సరైన వైపుకే వాలింది.

ఇక పెట్టేది ఎక్కడన్న మాట వచ్చింది.

“ఎడమవైపు అరలో పెట్టేస్తానండీ. మూత వేస్తే లోపల ఏముందో ఎవరికీ తెలీదు. క్లబ్బువాళ్ళు వచ్చినప్పుడు మూసేసుకుంటే సరి. చెక్క జోలికే పోనక్కర్లేదు.”

“దొంగసరుకా అది, మూత వెయ్యడానికి?”

“అలా కాదు టీచరుగారూ, అందరూ అలాగే...”

“నడిమధ్యన పెట్టు. ఆ రేడియో ఉన్నచోట.”

ఫ్యూజక్క డాష్‌బోర్డు కిందికి దూరి, మరలు విప్పి, రేడియోను ఒడిలోకి దించుకుంది. వెనక రేకు మూత ఊడదీసి చూస్తూ ఉండిపోయింది.

“ఇటు రండి ఒకసారి.”

లోపల దుమ్ము పట్టిన పాత తీగల మధ్య కొన్ని కొత్తవి మెరుస్తున్నాయి. సన్నటి తీగలు, ఆవగింజంత అతుకులు. కంపెనీలో వేసిన అతుకులు అలా ఉండవని ఆమెక్కూడా తెలుసు. అవి గడియారాలు బాగుచేసిన చెయ్యి వేసినవి. వేలితో లెక్కపెట్టింది. తొమ్మిది.

“సారు దీన్ని పలికించాలని చూశారండీ,” అంది ఫ్యూజక్క మెల్లిగా. “కుదిరినట్టు లేదు. మళ్ళీ మూసేశారు. ఆయనకీ మనసులో ఉందన్నమాట.”

టీచరు వేలు ఆఖరి అతుకు మీదే ఉంది. ఆయన ఈ పని ఎప్పుడు చేసి ఉంటాడు? తను బడికి వెళ్ళిన వేళల్లోనే చేసి ఉంటాడు. కుదిరితే చెబుదామనుకున్నాడో, అసలు చెప్పకూడదనుకున్నాడో. కాసేపటికి ఆమెకు కోపమొచ్చింది.

“మనసులో ఉంటే నోటితో చెప్పాల్సింది,” అని రేడియోను పాత తువ్వాలులో చుట్టి డిక్కీలో పెట్టింది.

ఆ మధ్యాహ్నమే మరిది వచ్చాడు. ఎవరు చెప్పారోగానీ, చొక్కా గుండీ ఒకటి ఎగుడుదిగుడుగా పెట్టుకుని పరుగున వచ్చాడు. అరవయ్యేళ్ళవాడు. ఆ కారును తయారుచేసిన పదకొండేళ్ళూ ప్రతి సెలవురోజూ అన్న పక్కన కూర్చుని స్పానర్లు అందించినవాడు. డాష్‌బోర్డు నడుమ ఖాళీలో చెయ్యి పెట్టి చూశాడు.

“ఏం పని వదినా ఇది?”

“స్టీరియో పెట్టిస్తున్నాను.”

“అన్నయ్య ఒక్క మర కూడా వేరే కంపెనీది వాడలేదు. ఒక్క బల్బు కోసం నాలుగు ఊళ్ళు తిరిగాం. మీకు తెలీదా?”

“తెలుసు. ఆ నాలుగు ఊళ్ళూ వెనక సీటులో కూర్చుని నేనూ తిరిగాను.”

“ఆయన ప్రాణమంతా ఈ బండిలోనే ఉంది.”

“ఉంటే ఉండనీ. పాట ఆయనకీ వినపడుతుంది.”

మరిది మొహం జేవురించింది. “వేళాకోళం కాదు వదినా. ఆయనుంటే మీరీ పని చేసేవారా? ఆయన ఒప్పుకునేవాడా?”

ఫ్యూజక్క చేతిలో స్క్రూడ్రైవర్ పక్కన పెట్టింది. “అయ్యగారూ, ఒక్కమాట. ఇప్పుడే ఆ రేడియో విప్పితే...”

“నువ్వు ఊరుకో,” అంది టీచరు.

ఆమె తరగతిలో వాడే గొంతు అది. ఫ్యూజక్క టక్కున నోరు మూసింది. టీచరు మరిది వైపు తిరిగింది. డిక్కీలో ఉన్నది తెచ్చి చేతిలో పెడితే, ఇతను ఆ తొమ్మిది అతుకులూ చూసి, కళ్ళు తుడుచుకుని, సరేనని ఇంటికి పోతాడు. అది ఆమెకు తెలుసు. తెలిసే ఊరుకుంది. ఆయన ఒప్పుకునేవాడని తేలితే గానీ పాట వినకూడదా? ఒప్పుకునేవాడు కాదని తేలితే మానెయ్యాలా? ఫ్యూజక్క, మరిది, ఇద్దరిలో ఎవరి మాట గెలిచినా, తన మాటన్నది లెక్కలోకే రాదు.

“ఒప్పుకునేవాడో లేదో నాకు తెలీదు,” అంది. “ఇప్పుడు ఈ బండి నడిపేది నేను. దారంతా వినేది నేను. నాకు పాట కావాలి. నీకింతకంటే కారణం చెప్పను.”

“క్లబ్బులో ముందు వరుసలోంచి తీసేస్తారు. ఆయన సంపాదించిన పేరది.”

“ఆయన పేరు ఆయనకుంటుంది. నాది నేను చూసుకుంటాను.”

మరిది కారు తలుపు మీద అరచెయ్యి ఒకసారి ఆనించి, వెళ్ళిపోయాడు.

కొత్త స్టీరియోకు పాత రంధ్రం చాలదు. చెక్క కొయ్యాలి. ఫ్యూజక్క రంపపు బ్లేడు చేతిలోకి తీసుకుంది గానీ, చెక్క దగ్గరికి వెళ్ళి ఆగిపోయింది.

“నా వల్ల కాదండీ. దీని మీద ఆయన చెయ్యి కనపడుతోంది. ఒకసారి కోస్తే మళ్ళీ అతకదు.”

“ఎంత కావాలి?”

“అడ్డం నూట ఎనభై రెండు మిల్లీమీటర్లు. నిలువు యాభై మూడు.”

టీచరు సంచిలోంచి స్కేలు, పెన్సిలు తీసింది. పెచ్చులు లేవకుండా చెక్క మీద కాగితపు టేపు అంటించింది. కళ్ళజోడు సర్దుకుని, మధ్యబిందువు గుర్తించి, రెండు వైపులా తొంభై ఒకటి చొప్పున కొలిచింది. నాలుగు గీతలు గీసి, మూలమట్టం పెట్టి చూసింది. నాలుగు మూలలా ఫ్యూజక్క చేత రంధ్రాలు వేయించి, బ్లేడు తనే అందుకుంది.

మొదటి గీతలో సగం దూరం వెళ్ళాక చెయ్యి ఆగింది. తలుపు తెరిచినట్టు వార్నిష్ వాసన గుప్పుమంది. అన్నేళ్ళ తర్వాత కూడా కింద పొరలు ఆరనే లేదన్నంత ఘాటుగా వచ్చింది. కళ్ళు చెమర్చాయి. ఫ్యూజక్క అటు తిరిగి ఏవో వైర్లు చుడుతున్నట్టు నటించింది. టీచరు భుజంతో కళ్ళు తుడుచుకుంది, బ్లేడు వదల్లేదు. నాలుగు గీతలూ పూర్తయ్యేసరికి ముప్పావుగంట పట్టింది. స్టీరియో పెడితే వెంట్రుకవాసి సందు లేకుండా కూర్చుంది.

“నూటికి నూరు,” అంది ఫ్యూజక్క.

స్పీకర్లు రెండూ వెనక సీటు పైనున్న పలకకు బిగించారు. మొదటి పాట పెట్టి ఇంజను స్టార్ట్ చేస్తే, పాటతోపాటు దోమ కూతలాంటిది మొదలైంది. ఆక్సిలరేటర్ తొక్కినకొద్దీ అదీ పెరిగింది. డైనమో గోల అని చెప్పి ఫ్యూజక్క దానికో కండెన్సర్ తగిలించింది. కూత పోయింది. పాట మిగిలింది. టీచరు షాపు ముందే కారులో కూర్చుని ఆ పాట చివరిదాకా వింది. తర్వాత ఇంకోటి వింది. వెనక లోపలికి రావాల్సిన ఆటోవాడు హారన్ కొట్టినా జరగలేదు.

క్లబ్బు ప్రదర్శన నెలాఖరున. ముగ్గురు అట్టలు పట్టుకుని కారు కారుకూ తిరుగుతూ మార్కులు రాసుకుంటున్నారు. టీచరు కారు దగ్గరికి రాగానే కార్యదర్శి లోపలికి తొంగిచూశాడు. ఆయన పెన్సిలు గాలిలోనే ఆగింది.

“వీలైతే తీసేసి రండి. పది నిమిషాలు ఆగుతాం.”

“వీలుకాదండీ. కోసేశాను.”

“కోశారా?” ఆయన చొక్కా జేబు పట్టుకున్నాడు, తనకే దెబ్బ తగిలినట్టు. “దీన్ని ముందు వరుసలో ఉంచలేమండీ. వెనక ‘ఇతరములు’ అని ఇంకో వరుస ఉంది.”

“ఎటువైపు?”

ఆయన చేత్తో చూపించాడు. ఆమె కారు వెనక్కి తిప్పి, అన్ని కార్ల ముందునుంచీ నెమ్మదిగా నడుపుకుంటూ అక్కడికి వెళ్ళింది. ఇతరముల వరుసలో గులాబీ రంగు వేయించినది ఒకటి, వ్యాను ఇంజను పెట్టించినది ఒకటి, పైకప్పు కోయించుకున్నది ఒకటి ఉన్నాయి. అద్దాలు దించి పాట పెట్టింది. గులాబీ కారాయన కుర్చీ లాక్కుని దగ్గరికొచ్చాడు. పిల్లల్ని ఎత్తుకున్నవాళ్ళు, టీ కప్పులు పట్టుకున్నవాళ్ళు ఒక్కొక్కరే అటు జరిగారు. కాసేపటికి కార్యదర్శి రొప్పుతూ వచ్చాడు.

“కాస్త తగ్గిస్తారా? ముందు వరుసవాళ్ళకి ఇబ్బందిగా ఉంది.”

“ఇది ఇతరముల వరుసేగా,” అంది టీచరు. “ఇతరంగానే ఉంటుంది.” వేలు మీట మీద పెట్టి, ఇంకాస్త పెంచింది.

మరిది కూడా వచ్చాడు. జనం వెనకే నిలబడి, పాట అయ్యేదాకా ఉండి, ముందుకొచ్చాడు. కోసిన చోటు వంగి చూశాడు. అంచు మీద బొటనవేలు నడిపాడు.

“ఎవరు కోశారు?”

“నేనే.”

“తిన్నగానే ఉంది.” ఆమె పక్క తలుపు తెరిచింది. అతను తల అడ్డంగా ఊపాడు. “నేను ఎక్కను వదినా.”

“సరే. నీ ఇష్టం.”

అతను ఇప్పటికీ ఎక్కలేదు. ఇంటికొస్తాడు, టీ తాగుతాడు, కారుకు ఆయిల్ కూడా మారుస్తాడు, ఎక్కడు. ఆమె బతిమాలదు. క్లబ్బు చందా మళ్ళీ కట్టమని ఉత్తరం వస్తే, కట్టనని రెండు ముక్కలు రాసి పంపింది.

మొన్న తన చెల్లెలి ఊరు వెళ్ళి, ఆవిణ్ణి ఎక్కించుకుని నాలుగు గంటల దారి పట్టింది. ఊరు దాటకముందే చెల్లెలు మొహం ముడుచుకుంది.

“ఈ పాత పాటలేంటక్కా, నిద్రొస్తోంది. ఇంకేదైనా పెట్టవే.”

“దిగి బస్సెక్కు,” అంది టీచరు. పాట మార్చలేదు.