జెర్రిపోతు పోయిన చేను

భానూర్ దగ్గర ఎంకమ్మ చేనుకు ఒక దిక్కు మందుల కంపెనీ గోడ, ఇంకో దిక్కు ప్లాట్ల వెంచర్ ప్రహరీ. మిగిలిన దిక్కుల అడవిపందులు. నడుమ అరెకరం పల్లికాయ. "ఈసారి పంట చేతికి రాకుంటే ఇగ అమ్ముడే" అని మొగడు నర్సింహులు ఖరాఖండిగ చెప్పిండు. ఎంకమ్మ సరేనన్నది, అనక ఏం చేస్తది? అమ్మితే ఆమెకు మిగిలేది ఆ గోడవతల కంపెనీల బాత్‌రూములు కడుగుడు. ఆ మందుల వాసనల రోజంత ఉండుడు తలుచుకుంటేనే ఆమెకు ఊపిరాడది.

అందుకే పందులు రాకుండ చేను సుట్టు నైలాన్ వల కట్టిచ్చింది. అంచులు మట్టిల పూడ్పిచ్చి గట్టిగ బిగిచ్చింది. పొద్దుగాల లేచి వల సుట్టు తిరిగి సూసొచ్చుడు మొగని పని. పందులు ఆగినయి. ఎంకమ్మ మురిసింది పాపం.

ఆ మురిపెం ఎన్నాళ్లు! ఎలుకలు మోపైనయి. కాయ ఊరుడే ఆలస్యం, మాయం. గట్లకు బొక్కలు వెడితే పారిచ్చిన నీళ్లన్ని వెంచర్ దిక్కు పోయినయి. మొక్క పీకితే చేతికి గింజలేని ఉత్త బొప్పెలొచ్చినయి. మందు వెట్టింది, బోన్లు వెట్టింది, కడుపు మండి శాపనార్థాలు వెట్టింది. మందు తిన్న ఎలుకను తిని గుడ్లగూబ చచ్చింది గని ఎలుకలైతే తగ్గలె.

ఒకనాడు మొగడు రాత్రి దావత్‌కు పోయి తెల్లారినా రాకపోతే ఎంకమ్మనే వల సూడబోయింది. అంచుకాడ ఒక జెర్రిపోతు చిక్కుకోని ఉన్నది. నడుం దాక దూరింది, ఇగ ముందుకు పోరాదు, ఎనుకకు రారాదు. గుంజుకున్నకొద్ది నైలాన్ దారం ఒంట్లకు కోసుకపోతున్నది. ఎంకమ్మ వంగి సూసింది. పాముకు భయపడలె. మునుపు రోజూ గట్టు మీద ఎదురయ్యేటియి ఇయ్యే. ఎలుకలను మింగి చేనును కాపాడిందియ్యే. వల కట్టిననాటి సంది ఒక్కటి కండ్లబడలె. అయ్యో, నా బుద్ధి మండ, అనుకున్నది.

కొడవలితోని దారాలు కోస్తుంటే నర్సింహులు ఉరుక్కుంట వచ్చిండు.

"ఏందే గది? పందులొస్తయి!"

"మునుపు గూడ పాములు గిట్ల పడ్డయా?"

ఆయన గోడ దిక్కు సూసిండు.

"నిన్నే అడిగేది! పడ్డయా?"

"పడ్డయి. చచ్చినయి. గోడవతల పారేసిన."

"మరి నాకెందుకు చెప్పలె?"

"చెప్తే నువ్వు వల ఇప్పుతవు." మొకం పక్కకు తిప్పుకున్నడు. "అందరు అమ్ముకున్నరు ఎంకమ్మా. నువ్వొక్కదానివే చేను చేను అని కూసున్నవ్. ఎలుకలు పంట తింటే నువ్వే విసిగి అమ్ముదామంటవనుకున్న."

ఎంకమ్మ మల్ల దారం మీద కొడవలి వెట్టింది. ఆఖరి దారం తెగంగనే పాము జారి సాళ్లల్లకు పోయింది. ఆమె ఇగ ఆగలె. వల అడుగు అంచు పొడుగునా కోసుకుంట పోయింది. ఆయన ఆపలె, సాయం రాలె.

పొద్దు గూకింది. "నడువు, ఇంటికి పోదాం" అన్నడు నర్సింహులు.

ఎంకమ్మ కట్టె పట్టుకొని తెగిన వల కాడనే కూసున్నది. లేస్తే పందులొస్తయి. మల్ల వల కడితే ఆ ఒక్క పాము గూడ చస్తది.

"నువ్వు పో," అన్నది. "పందులనైతే అరిచి ఎల్లగొడత. నిన్నెట్ల ఎల్లగొట్టాలె?"