మూసేశాక పెట్టే భోజనం

పోలీసులు వచ్చి తనను తీసుకుపోతారనీ, పాలు మానని బిడ్డ ఎవరి చేతుల్లోనో పెరుగుతాడనీ ఉయెన్ భయం. దయ్యాలన్నా, అప్పులన్నా, అత్తగారన్నా ఆమెకు ఇంత భయం లేదు.

రేడియోలో వియత్నామీ వార్తలు విన్నప్పుడు పట్టుకుంది ఆ భయం. వాళ్ళు వలస వచ్చిన ఈ దేశంలో పనివాళ్ళ జీతం తెలిసి ఎగ్గొడితే ఇకమీదట జైలేనట. సెయింట్ ఆల్బన్స్ స్టేషన్ ఎదురుగా వాళ్ళది చిన్న రొట్టెల కొట్టు. ఎగ్గొట్టారో లేదో ఆమెకే తెలియదు. తండ్రి నడుము పడిపోయినప్పుడు బడి మానేసిన పిల్ల, అప్పటినుంచీ ఏదో ఒక కౌంటరు వెనకే బతికింది. సర్కారు కాగితం చూస్తే ఇప్పటికీ కళ్ళు బైర్లు కమ్ముతాయి.

చిన్న కొట్లవాళ్ళకు ఊరికే సలహా చెప్పే ఆఫీసు ఒకటుందని పక్క మందుల షాపామె చెప్పింది. పిల్లాణ్ణి చంకనేసుకుని ఫోన్ చేసింది ఉయెన్. వాడి ముద్దుపేరు రొయ్య. ఆ ఆఫీసరమ్మ ఇంగ్లీషులో అడుగుతుంటే, మధ్యలో ఇంకొకావిడ వియత్నామీలో చెబుతోంది.

"కొట్టు మూసేశాక ఏం చేస్తారు?"

"అందరం కూర్చుని తింటాం. పనివాళ్ళకు వేరే, మాకు వేరే వండుకోం."

"మంచిదే. తిన్నాక?"

"పిన్ని పళ్ళాలు కడుగుతుంది. రొట్టెలు కాల్చే పళ్ళాలు."

"దానికి జీతం?"

"భోజనం పెట్టాం కదండీ. ఇంటి మనిషి."

"ఆవిడ మీ ఇంట్లో ఉంటారా?"

ఉయెన్‌కి ఒళ్ళు మండింది. ఊరూ పేరూ తెలియని మనిషి తన బల్ల మీది అన్నాన్ని లెక్క కట్టడమేమిటి? ఆరో పిన్ని అంటే ఆరో సంతానంగా పుట్టిన పిన్ని. కొట్టులో పనిచేసే ముసలావిడ, చుట్టరికం లేకపోయినా వీధంతా అలాగే పిలుస్తుంది. రొయ్య కడుపులో ఉన్నప్పుడు చింతపండు వేసిన చేపల పులుసు కాచిపెట్టింది ఆవిడే. కానీ పిన్ని ఎక్కడుంటుందని అడిగితే, స్టేషన్ వెనక ప్రభుత్వం వాళ్ళ ఇళ్ళలో అని తప్ప ఉయెన్ చెప్పలేకపోయింది. ఇన్నేళ్ళలో ఆ గుమ్మం ఎక్కలేదు.

"కడగడం పనేనమ్మా," అంది ఆఫీసరమ్మ. "ఆదివారాలకు ఎక్కువ ఇవ్వాలి, మీ మాటల్ని బట్టి అదీ ఇవ్వలేదు. తెలియక జరిగింది. బాకీ ఎంతో లెక్క మేం చూసిపెడతాం. ఆవిడకు చెప్పి, ఇచ్చేసి, ఇకమీదట సరిగ్గా ఇవ్వండి. సరిదిద్దుకునేవాళ్ళ కోసం కాదు ఆ జైలు. తెలిసీ దాచేవాళ్ళ కోసం."

ఆ సాయంత్రం భోజనాలకు పిన్ని రాలేదు, జలుబని కబురు పంపింది. భర్త బాబాయి ఖియెమ్ వచ్చాడు. కొట్టులో సగం ఆయనదే. అందరికంటే చిన్నది కాబట్టి, వాళ్ళ ఆచారం ప్రకారం పెద్దవాళ్ళని తినమని ఉయెన్ ముందుగా పిలవాలి. "చిన్నమామయ్యా, అన్నం తినండి," అంది. ఆయన ముద్ద నోట్లో పెట్టుకునేదాకా ఆగి సంగతి చెప్పింది.

"ఫోన్ ఎందుకు చేశావే?" అన్నాడాయన నెమ్మదిగా. "చేసేదాకా మనకేం తెలియదు. ఇప్పుడు తెలిసింది. నీ చేత్తో నువ్వే నేరం కొనితెచ్చావు."

"అందుకే కట్టేద్దాం మామయ్యా."

"వీధిలో ఎవడు కడుతున్నాడు? చేపల కొట్టువాడా, నూడుల్సు హోటలువాడా? ఆ హోటలువాడికి కిటుకు నేర్పిందే నేను. షట్టరు దించి నాలుగు మెతుకులు పెట్టరా, అమ్మా అయ్యా అని పిలువు, గిన్నెలు వాళ్ళే కడుగుతారు అన్నాను. ఇవాళ్టికీ నాకు దండం పెడతాడు."

ఆయన నవ్వాడు. ఉయెన్ భర్త విన్ పళ్ళెంలోంచి తలెత్తలేదు.

ఉయెన్ గరిటె కింద పెట్టేసింది. ఇన్నాళ్ళూ ప్రేమనుకుని వండింది. పిన్నికి ఇష్టమని చేప తలకాయ తీసి పక్కన పెట్టింది. అదంతా ఈయన వేసిన ఎర, గాలానికి గుచ్చింది తన చేత్తోనే.

"ఆవిడ వేళ్ళు చూశారా మీరు?" అంది. "పళ్ళాలు తోమే సోడా నీళ్ళకి తోలు ఊడిపోయింది."

"కూర పలచనైంది," అన్నాడాయన.

మర్నాడూ పిన్ని పనికి రాలేదు. ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. మధ్యాహ్నం కొట్టు విన్‌కి అప్పగించి, పిల్లాణ్ణి తోసుకెళ్ళే బండిలో వేసుకుని ఆ ఇళ్ళ దగ్గరికి వెళ్ళింది ఉయెన్. వాళ్ళనీ వీళ్ళనీ అడిగి పై అంతస్తు ఎక్కితే, ఎదురింటావిడ ఎగాదిగా చూసింది.

"రొట్టెల కొట్టు వాళ్ళా? పొద్దున మీ పెద్దాయన వచ్చి చెప్పి వెళ్ళాడుగా. ఆవిడ జీతం చీటీ లేకుండా, లెక్కల్లో చూపకుండా పని చేసిందని మీరు సర్కారుకి చెప్పేశారట. పింఛను పోతుంది, ఇల్లు ఖాళీ చేయిస్తారు, తలుపు తీయకు అన్నాడు. ముసలామెని ఏడిపించడానికి సిగ్గు లేదూ?"

ఉయెన్ తలుపు దగ్గరికి వెళ్ళింది. లోపల టీవీ వినిపిస్తోంది. తట్టగానే ఆగిపోయింది.

"పిన్నీ, నేను ఉయెన్‌ని. ఆయన చెప్పింది నమ్మకు. నీకు రావలసింది ఇద్దామని వచ్చాను. పింఛను సంగతి కనుక్కుని చెప్పే మనుషులున్నారట, మన భాషలోనే మాట్లాడతారట. పిన్నీ, రొయ్యని కూడా తెచ్చాను."

తలుపు తెరుచుకోలేదు. లోపల నేల మీద చెప్పులు రాసుకుంటూ దూరంగా వెళ్ళిన చప్పుడు.

దిగి వచ్చేసరికి ఆమెకు భయం గుర్తు లేదు. వీధి మధ్యలోనే బండి ఆపి ఖియెమ్‌కి ఫోన్ చేసింది. పెళ్ళయ్యాక పెద్దవాళ్ళ మాటకు ఎదురు చెప్పడం అదే మొదలు.

"ముసలిదాన్ని బెదిరించారా?"

"నీ సంసారం నిలబెట్టాను. బిడ్డ తల్లివి, జైల్లో కూర్చుంటావా?"

"నా బిడ్డ పేరెత్తకండి. పిన్ని బాకీ కడుతున్నాను. మీ సగం మీరు ఇవ్వకపోతే నా బంగారు గాజులు అమ్ముతాను, అంతే. మీరు ఎవరి గుమ్మానికి వెళ్ళారో కూడా ఆ ఆఫీసరమ్మకి చెబుతాను. ఇక నా బల్ల దగ్గరికి భోజనానికి రాకండి."

"విన్‌తో మాట్లాడతాను."

"మాట్లాడండి. పొయ్యి దగ్గర ఉండేది నేను."

ఆ వారంనుంచి పళ్ళాలు షట్టరు దించకముందే, జీతం నడిచే వేళలోనే కడుగుతున్నారు. ఇంటి దారికి తొందరపడేవాళ్ళని అన్నానికి కూర్చోమని ఉయెన్ బలవంతపెట్టడం లేదు. పిన్ని బాకీ లెక్క తేలింది, గాజులు అమ్ముడుపోయాయి, డబ్బు సిద్ధంగా ఉంది. పింఛనుకు ఏమీ కాదని మాత్రం ఎవరూ గట్టిగా చెప్పలేదు. ముందు ఆవిడతోనే మాట్లాడాలి అన్నారు ఆఫీసువాళ్ళు. ఆవిడేమో తలుపు తీయదు. ఉయెన్ గొంతు వింటే టీవీ కట్టేస్తుంది.

ఇది చదివే మీలో ఎవరైనా స్టేషన్ వెనక వైపు ఉంటే, ఒక్కసారి వెళ్ళి చూడండి. పై అంతస్తు, కిటికీలో పుదీనా కుండీ ఉన్న ఇల్లు. కొట్టు పేరు ఎత్తకండి, డబ్బు మాట అసలు వద్దు. తలుపు సందులోంచి మెల్లగా పిలిచి, ఆవిడ అన్నం తిందో లేదో కనుక్కోండి.