యంత్రం పలికిన చప్పుడు

ఆపరేషనంటే భయం లేని మొనగాడు ఈ అమ్మాన్ ఆసుపత్రి మొత్తంలో నేనొక్కడినే. మోసుల్‌లో బాంబు పేలి నా పిక్క ఎగిరిపోతే, ఇక్కడి డాక్టర్లు వీపు నుంచి కండ తీసి కాలికి అతికించారు. మిగిలిన వీపుతో ఇంకో మనిషిని తయారుచేయొచ్చు.

అతికించిన కండలో రక్తం పారుతోందో లేదో నర్సు రబాబ్ చిన్న యంత్రం ఆనించి వింటుంది. పారుతుంటే అది "షూ... షూ" అంటుంది. ఆగిపోతే వెంటనే మళ్లీ కోయాలి.

మధ్యాహ్నం వచ్చి ఆనించింది. "షూ... షూ."

"బాగుందిరా ముదర్," అని వెళ్లబోయి ఆగింది. "కండ నల్లబడిందేంట్రా?"

"ఎండకి అక్కా. కిటికీ పక్కన పడుకోబెట్టారు కదా."

పక్కమంచం మీది అబూ సుహైబ్ నవ్వలేదు. "వాడి ముక్కు చూడమ్మా, ఎలా ఆడుతోందో," అన్నాడు.

రబాబ్ నా నోరూ ముక్కూ అరచేత్తో మూసి మళ్లీ ఆనించింది. యంత్రం పలకలేదు.

"ఈ చప్పుడు నువ్వు ఎప్పట్నుంచి చేస్తున్నావు?" అంది. "నిజం చెప్పు. ఆలస్యమైతే కాలు పోతుంది."

"పొద్దున్నుంచీ నేనే అక్కా. మొదట సరదాకి చేశాను. తర్వాత ఒకసారి నేను ఆపి చూస్తే యంత్రం నిజంగానే పలకలేదు. మళ్లీ కోస్తారని భయమేసి ఆపలేదు. రక్తం ఎప్పుడు ఆగిందో నాకూ తెలీదు."