నిమ్మకాయ ఒప్పుకున్న పిస్తోలు

లైసెన్సు ఇంకా చేతికి రాకముందే రాజేందర్ తోలు పౌచు కొనేశాడు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని పెద్దలు ఊరికే అన్నారా! కొనబోయే పిస్తోలు పొట్టిదో పొడుగుదో తెలియదు, దేశీదో విదేశీదో తెలియదు. అది దూరాల్సిన పౌచు మాత్రం ఆన్‌లైన్‌లో వచ్చి, మెదక్‌లో వాళ్ళింట్లో టీవీ పక్కన మేకుకు వేలాడుతోంది. ఇంటికొచ్చిన ప్రతివాడికీ దాన్ని దించి చూపించి, "మా రజనిది" అని మురిసిపోయేవాడు.

లైసెన్సు నిజంగానే అతని భార్య రజని పేరు మీదే పెట్టారు. రాజేందర్‌కు మెదక్‌లో బోరు మోటార్ల వైండింగ్ షాపు ఉంటే, రజనికి కుల్చారంలో ఎరువులు, విత్తనాల దుకాణం ఉంది. రోజూ పొద్దున్నే స్కూటీ మీద వెళ్ళి, దీపాలు పెట్టేవేళకు ఇల్లు చేరేది. నిరుడు వానాకాలంలో ఒక సాయంత్రం దుకాణం మూసి వస్తుంటే, కల్వర్టు మలుపు దగ్గర వెనకనుంచి బైకు మీద ఇద్దరు వచ్చి భుజాన ఉన్న సంచి గుంజుకుని, ఆమెను రోడ్డు మీద పడేసి పోయారు. మోకాలి దెబ్బ మానింది. కుడిచెయ్యి మాత్రం మానలేదు. దెబ్బ తగలని చెయ్యి మానేదెలా? వెనక బైకు చప్పుడు వినపడితే చాలు, వేళ్ళు వణికేవి. ఆ వేళ్ళతో యాక్సిలరేటర్ తిప్పలేక, స్కూటీకి కవరు కప్పేసింది.

అప్పటినుంచి రాజేందరే కారులో దింపి, కారులో తెస్తున్నాడు. ఏళ్ళ తరబడి తన బండి తాను నడుపుకున్న మనిషికి, సంచి ఒళ్ళో పెట్టుకుని దుకాణం మెట్ల మీద మొగుడికోసం కూర్చోవడం కంటే చిన్నతనం ఇంకోటి లేదు. ఆమెకు కావలసింది నిజానికి పిస్తోలు కాదు, ఆ రోడ్డు. నడుముకు పిస్తోలు ఉంటే రోడ్డు తిరిగొస్తుందని నమ్మింది. అందుకే ఆఫీసుల చుట్టూ అంత తిరిగింది, అన్ని సంతకాలు పెట్టింది.

లైసెన్సు వచ్చిన వారంలో మెదక్ ఊళ్ళో తుపాకుల మీద అభిప్రాయం లేనివాడు ఒక్కడు కనపడలేదు. దీపావళి రీలు తుపాకీ తప్ప జన్మలో ఇంకోటి ముట్టనివాళ్ళంతా రాజేందర్ షాపుకూ ఇంటికీ వచ్చి సలహాలిచ్చారు. రివాల్వర్ అయితే నమ్మకమని ఒకడు, పిస్తోలు అయితే స్టైలని ఒకడు. జిరాక్స్ షాపతను మరీ ముందుకుపోయి, వచ్చే నెల మా తమ్ముడి పెళ్ళి బారాత్‌లో గాల్లోకి రెండు పేల్చాలి అన్నాడు. "పేలుస్త. మొదటిది నీ జిరాక్స్ మిషిన్ల" అని రజని పంపించేసింది.

ఎవరేమన్నా, ఏది కొనాలో గిడియోన్ సారు దగ్గరే తేలాలి. ఆయన మిలిటరీలో చేసి వచ్చిన మనిషి. ఇల్లు మెదక్ చర్చి వెనకాల. మనోహరాబాద్ దాటాక ఒక షూటింగ్ క్లబ్బులో గురి నేర్పిస్తాడు. లైసెన్సుకు కావలసిన శిక్షణ రజని ఆయన దగ్గరే తీసుకుంది. అయితే ఇంతవరకు కొట్టింది గాలి పిస్తోలుతోనే. "ఐతారం చర్చి అయినంక వస్త. క్లబ్బుల మూడు రకాలున్నయి. మూడూ కొట్టి చూసి, నచ్చినదాని లెక్కనే ఇంకోటి కొనుక్కో" అన్నాడాయన.

ఆదివారం కారు తీస్తుంటే రాజేందర్ తల్లి శివమ్మ సంచితో వచ్చి వెనక సీట్లో కూర్చుంది. సంచిలో పసుపు, కుంకుమ, అగర్‌బత్తీలు, ఒక డజను నిమ్మకాయలు.

"అత్తమ్మా, నిమ్మకాయలెందుకు?" అంది రజని.

"ఎందుకంటవేంది? కారు కొన్ననాడు టైర్ల కింద పెట్టి తొక్కియ్యలేదా? ట్రాక్టర్‌కు తొక్కిస్తరు, ఆటోకు తొక్కిస్తరు. గిదేమన్న తక్కువ తిన్నదా?"

"దానికి టైర్లు ఉండయమ్మా" అన్నాడు రాజేందర్.

"టైర్లు లేకుంటె గుండ్లుంటయి గద! మొదటి గుండు నిమ్మకాయకే తగలాలె. ఏడుపాయల తల్లికి మొక్కుకున్న. ఏది నిమ్మకాయను కొడ్తే గదే ఇంటికొస్తది."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషి ఆవిడ. ఇద్దరూ నోరు మూసుకున్నారు.

క్లబ్బులో గిడియోన్ సారు నిమ్మకాయల సంచి చూసి, శివమ్మను చూసి, ఆకాశంవైపు ఒకసారి చూశాడు. "అమ్మా, నేను ప్రార్థన చేసుకొని వస్తున్న. నా చేతితోని నిమ్మకాయలు కట్టిస్తరా?"

"మీరు కట్టుండ్రి సారూ, మొక్కు నాది" అంది శివమ్మ.

ఆయన నవ్వేశాడు. పిస్తోళ్ళ పెట్టె మీద బొట్టు పెట్టవచ్చు గానీ వాటి మీద వద్దన్నాడు, నూనె ఉండాల్సిన చోట కుంకుమ చేరితే లోపల పట్టేస్తుందన్నాడు. తర్వాత మట్టికట్ట ముందు, పది మీటర్ల దూరంలో, దారంతో ఒక నిమ్మకాయ వేలాడదీశాడు. దాని వెనక కాగితం టార్గెట్ అంటించాడు. శివమ్మనూ కొడుకునూ గీత వెనక కూర్చోబెట్టి, చప్పుడు తగలకుండా చెవులకు మఫ్‌లు తగిలించాడు. చెవులకు అవి పెట్టుకుని, ఒళ్ళో నిమ్మకాయలతో కూర్చున్న శివమ్మను రాజేందర్ ఫొటో తీసుకున్నాడు.

మొదట వచ్చింది పాయింట్ థర్టీటూ రివాల్వర్. పొట్టిది, నల్లగా నిగనిగలాడుతోంది. రాజేందర్ లేచి నిలబడ్డాడు. "గిదే! గిదే రజనీ! పౌచుల కరెక్ట్ కూసుంటది!" అది చేతిలోకి రాగానే రజనికి కూడా ఒళ్ళు జిల్లుమంది. ఎంత ముద్దుగా ఉందో! ఇది నడుముకు ఉంటే ఇక ఎవడొస్తాడో చూద్దాం అనిపించింది.

పేల్చింది. చెయ్యి ఎగిరి భుజందాకా అదిరింది. నిమ్మకాయ కదలలేదు. రెండోది పేల్చేటప్పుడు, అసలు చప్పుడు రాకముందే ఆమె కళ్ళు మూసుకున్నాయి. మూడోదానికి వేళ్ళు మొదలుపెట్టాయి. అదే వణుకు. ఆరు తూటాలు మట్టికట్టలోకి పోయాయి. టార్గెట్ కాగితానికి ఒక మూల చిరిగింది, అంతే.

"సప్పుడు రాకముందే భయపడుతున్నవమ్మా" అన్నాడు గిడియోన్ సారు. "దీని గొట్టం పొట్టి, ఎగురుడు ఎక్కువ. అలవాటు కావాలంటె చానా రోజులు పడతది."

రజని రివాల్వర్ కింద పెట్టేసింది. ఇంతా చేసి, ఆ చెయ్యి ఇక్కడ కూడా వచ్చి తగులుకుందా?

రెండోది పాయింట్ థర్టీటూ పిస్తోలు. మెల్లిగా పట్టుకుంది, కాళ్ళు సర్దుకుంది. కాగితానికి రెండు చిల్లులు పడ్డాయి. దారం ఊగింది గానీ నిమ్మకాయ చెక్కుచెదరలేదు. గీత వెనకనుంచి శివమ్మ తీర్పు వినపడింది. "ఊహూఁ, నిమ్మకాయ ఒప్పుకోలే!"

ఇక మూడోది పెట్టెలోంచి తీశాడు గిడియోన్ సారు. దాన్ని చూసి రాజేందర్ మొహం మాడిపోయింది. పాయింట్ టూటూ టార్గెట్ పిస్తోలు. గొట్టం మూరెడు లేకపోయినా మూరెడు ఉన్నట్టే కనపడుతోంది. పిడి చెక్కది, మూడు వేళ్ళకు మూడు గాడులు, బొటనవేలికి ఒక అరుగు. అందచందాల ఊసే లేదు. వైండింగ్ షాపులో పనిముట్టు అంటే నమ్మవచ్చు.

రజని పిడిలో చెయ్యి పెట్టింది. పెట్టగానే ఆశ్చర్యపోయింది. వేళ్ళు వాటి గదుల్లోకి అవే వెళ్ళి కూర్చున్నాయి. ఆమె పట్టుకోవడం కాదు, అదే ఆమె చెయ్యి పట్టుకుంది. పైకెత్తింది. గొట్టం ముందు కొన నిమ్మకాయ కింద నిలబడింది. వణకడానికి ఆ చేతికి చోటే లేదు.

టక్.

అంత చిన్న చప్పుడుకు ఇంత పనా! నిమ్మకాయ పగిలి రసం నాలుగువైపులా చిమ్మింది. సగం చెక్క దారానికి వేలాడుతూ గిరగిరా తిరిగింది. శివమ్మ మఫ్‌లు పీకేసి, "తల్లీ! ఏడుపాయల తల్లీ!" అని చప్పట్లు కొట్టింది. గిడియోన్ సారు కూడా "హల్లెలూయా" అనేశాడు. అన్నాక కొంచెం సిగ్గుపడ్డాడు.

"ఇంకోటి కట్టుండ్రి సార్!" అంది రజని. గొంతు తనదేనా అనిపించేంత గట్టిగా వచ్చింది.

కట్టాడు. పగిలింది. ఇంకోటి కట్టాడు, పక్కనుంచి పోయింది. "ఆగుండ్రి, ఎందుకు పోయిందో నాకు తెలుసు, వేలు పక్కకు గుంజిన" అని ఆమె మళ్ళీ కొట్టింది. పగిలింది. తర్వాత నిమ్మకాయలు వదిలేసి టార్గెట్‌ను దూరంగా, ఇరవై అయిదు మీటర్లకు జరిపించుకుంది. ఎండ నెత్తిమీదికి వచ్చింది. అన్నం వేళ అయిపోయింది. ఆకలి సంగతే ఎవరికీ గుర్తులేదు. చిన్నప్పుడు జాతరలో రంగులరాట్నం దిగనని మొండికేసిన పిల్ల ఎలా ఉంటుందో అలా ఉంది రజని. గంటలకొద్దీ కొట్టినా చెయ్యి వణకలేదు. ఆ సంగతి ఆమెకు తట్టనైనా లేదు.

గొడవ అన్నం డబ్బాలు విప్పాక మొదలైంది.

"గదేనా కొంటవు?" రాజేందర్ వెంట తెచ్చిన పౌచు తీసి ఖాళీ పిస్తోలు పక్కన పెట్టి చూపించాడు. సగం గొట్టం బయటికే ఉంది. "దీన్ని నడుముకు ఎట్ల పెడ్తవే? కూసుంటె నేలకు తగుల్తది. దొంగ వస్తె, జర ఆగు నాయనా, పెట్టె తెరుస్త అంటవా?"

శివమ్మ పకపకా నవ్వింది. రజనికీ నవ్వొచ్చింది.

"నవ్వకు! మనం దేనికోసం తిరిగినం ఇన్ని రోజులు? నువ్వు ఆ రోడ్డు మీద ఒంటిగ పోవాలని గద! నిమ్మకాయలు కొట్టెటందుకా?" అతని గొంతు మారింది. "ఆనాడు నువ్వు రోడ్డు మీద పడి ఉంటె చూసింది నేను. నాకు భయమైతది రజనీ. నీకన్న నాకే ఎక్కువ అయితది."

ఆ పౌచు ఎందుకు కొన్నాడో రజనికి ఇప్పుడు అర్థమైంది. ఇన్నాళ్ళూ గొప్పలకు అనుకుంది, ఊరంతా అలాగే అనుకుంది. పాపం, ధైర్యం ఆన్‌లైన్‌లో దొరుకుతుందని వెతికినవాడు!

"సార్, మీరు చెప్పుండ్రి" అన్నాడు రాజేందర్.

గిడియోన్ సారు ముద్ద మింగి, తల ఊపాడు. "నడుముకు పెట్టుకునేది వేరే, టార్గెట్ కొట్టేది వేరే. రెంటికీ ఒక్కటే కావాలని అందరు అడుగుతరు. నేను కూడ వెతికిన, నాకు దొరకలే. ఏది కావాల్నో అమ్మనే చెప్పాలె."

రజని ఆ సాయంత్రాన్ని మళ్ళీ ఒకసారి కళ్ళముందుకు తెచ్చుకుంది. ఇంతకుముందు ఎప్పుడు తెచ్చుకున్నా వేళ్ళ వణుకు అడ్డం వచ్చేది. ఇప్పుడు టార్గెట్ కాగితాన్ని చూసినట్టు తాపీగా చూసింది.

"వాళ్ళు వెనకకెంచి వచ్చిండ్రు" అంది. "నా రెండు చేతులు హ్యాండిల్ మీద ఉండె. గుంజిండ్రు, పోయిండ్రు. నడుముకు రివాల్వర్ ఉన్నా నేను తీసెదాన్ని కాదు. సంచితోపాటు గది కూడ పోతుండె. ఇగ అప్పుడు నేను బండి ఎక్కుడు గాదు, మంచం కూడ దిగకపోదును."

రాజేందర్ పౌచును పిస్తోలు పక్కనుంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఆ నల్లది పట్టుకుంటె నాకు దొంగలే గుర్తొస్తున్నరు. ఎవడొస్తడు, యాడికెంచి వస్తడు అని. గీ పొడుగుదాన్ని పట్టుకుంటె ఒక్కడు గుర్తుకు రాలే. నాకు గిదే కావాలె. గింత సంబురం నాకు పెండ్లినాడు కూడ కాలే!"

"గది మాత్రం జర ఎక్కువైంది" అన్నాడు రాజేందర్.

అందరూ నవ్వారు. నవ్వుల మధ్యనే మాట ఖాయమైంది. నిమ్మకాయ ఎప్పుడో ఒప్పుకుంది, మొగుడే ఆలస్యం చేశాడని శివమ్మ తేల్చేసింది.

సిటీలో దుకాణం నుంచి అలాంటిదే ఒకటి, ఒక పాత షూటర్ అమ్మినది, కాగితాలన్నీ అయ్యాక ఇంటికొచ్చింది. రజని దాన్ని తుడిచి, నూనె పెట్టి, పెట్టెలో పడుకోబెట్టి బీరువాలో తాళం వేసింది. ఆదివారానికి తప్ప బయటికి రాదు. ప్రతి ఆదివారం మనోహరాబాద్ దారి పట్టడం మొదలైంది. వారమంతా వంట చేస్తున్నా, యూరియా బస్తాలు లెక్కపెట్టిస్తున్నా, బుర్రలో ఒకటే రంధి. తన గుండ్లన్నీ ఎడమవైపే ఎందుకు పడుతున్నాయి?

ఒక సోమవారం పొద్దున రాజేందర్ కారు వెనక్కి తీస్తుంటే స్కూటీ స్టార్టయిన చప్పుడు వినపడింది. చూస్తే కవరు కింద పడి ఉంది. రజని చున్నీ ముడి వేసుకుంటోంది.

"ఏందే?"

"నేను పోతున్న."

"పిస్తోలు?"

"బీరువాల ఉన్నది. ఐతారం దాక దానికి రెస్టు."

అతను ఇంకేదో అనబోయేలోపు గల్లీ దాటేసింది. శివమ్మ గడపలోంచి చెయ్యి ఊపింది.

కల్వర్టు మలుపు దగ్గర చెయ్యి వణికితే బండి పక్కకు ఆపాలి, నీళ్ళు తాగాలి, అప్పుడు మళ్ళీ తీయాలి అని ఇంట్లోనే గట్టిగా అనుకుని బయలుదేరింది. ఊరు దాటింది. పొలాల మీదినుంచి చల్లగాలి వస్తోంది. గుండు ఎడమవైపు ఎందుకు పోతోంది? తను పిడి మరీ గట్టిగా నొక్కుతోందా? లేక ట్రిగ్గర్‌ను చూపుడువేలు కొసతో కాకుండా కణుపుతో లాగుతోందా? కణుపే అయ్యుంటుంది. సారుకు చెప్పాలి. వెనక ఎవడో బైకువాడు హారన్ మీద హారన్ కొట్టాడు. "సైడ్ ఇస్తున్న గదరా, అంత తొందరుంటె ఎగిరిపో!" అని తిట్టింది. వాడు దండం పెట్టి దాటిపోయాడు. కణుపే, సందేహం లేదు.

దుకాణం ముందు బండి స్టాండు వేస్తుండగా ఫోన్ మోగింది.

"యాడున్నవ్?" రాజేందర్ గొంతులో కంగారు.

"దుకాణం కాడ. ఇప్పుడే వచ్చిన. ఇగో విను, ఎడమ దిక్కు ఎందుకు పోతున్నదో దొరికింది..."

"గది తర్వాత చెప్పు. మలుపు కాడ ఏమైంది?"

"ఏ మలుపు?" అంది రజని.

అనేసి, వచ్చిన రోడ్డువైపు తిరిగి చూసింది. తర్వాత తన కుడిచేతిని చూసుకుంది. కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించి, అదే చేత్తో షట్టరు పైకెత్తింది.