అగచాటుకి ఏకవచనం లేదు

మొగుడి చొక్కాకి ఊడిన బొత్తాం కుడుతూ ఆమె తన చెవులు రెంటినీ స్నానాలగది తలుపుకి అప్పగించింది. లోపల ఆయన "స్తెంతో! స్తెంతో!" అని వల్లె వేస్తున్నాడు. ఆ అరుపుకి హడలి కుళాయి కూడా కారడం మానేసింది. కాపురానికొచ్చిన దగ్గర్నుంచి ఈ మనిషి ఇటాలియన్‌లో దగ్గి ఎరగడు. ఇదేం పూనకం?

పైగా ఆ మాట స్తెంతో కాదు, స్తెంతి. ఆయన పనిచేసే ప్రచురణ సంస్థ తాలూకు లావుపాటి ఇంగ్లిషు పుస్తకం ఒకటి ఉంది. పేదల ఇక్కట్ల గురించి. "నీకు ఇటాలియన్ వచ్చు, ఊరికే కూర్చునేదానివేగా, కాస్త అందులోకి మార్చిపెట్టు" అని ఏడాది కిందట ఆయనే తెచ్చి పడేశాడు. "మాట తీసి మాట పెట్టడమేగా, బొత్తాం కుట్టినట్టు" అంది అత్తగారు. అంట్లు తోమాక, అన్నాల బల్ల తుడిచి, దాని మీదే రాసింది కోడలు. ఇంగ్లిషులో కష్టం ఏకవచనం. ఇటాలియన్‌లో అది స్తెంతి, బహువచనమే, మన అగచాట్లలాగ. ఒంటరి అగచాటుని ఎవరైనా చూశారా? వస్తే చుట్టపక్కాలతోనే వస్తుంది.

ఆయన తువ్వాలుతో బయటికొచ్చాడు.

"ఏమే, డిప్రివేషన్‌కి ఏం పెట్టావ్?"

"ప్రివాత్సియోనె. ఎందుకండీ?"

"ఊరికే."

ఆ ఇంట్లో ఊరికే అన్నదేదీ ఊరికే పోలేదు. పోయినసారి ఊరికే అడిగినప్పుడు ఆమె చదువుకునే గది ఆయన ఆఫీసుగది అయింది.

"లేమి అనేగా? రేపు సభలో ఎవరైనా అడిగితే..." నోరు జారింది.

"ఏ సభ?"

"అబ్బే, పుస్తకం వస్తోంది. అనువాదకుడంటే నలుగుర్లో మాట్లాడగలగాలని నా పేరు వేస్తున్నారు. ఎవరి పేరైతేనేం, ఇంట్లోదేగా! నీకేం లోటు చేశాను?"

"దానికేం లోటు, మహారాణి!" అత్తగారు వంటింట్లోంచి వంతపాడింది.

ఆమె సూది ఆపింది.

"లేమి కాదండీ. లేమికి చేసేవాడంటూ ఉండడు, వాన పడనట్టు. ఇది వేరు. ఒకరిది ఇంకొకరు లాక్కుంటే పుట్టే మాట."

"భేష్! అదే చెప్తాను. ఇంకోసారి అను, బట్టీపడతాను."

"అంటాను. రేపు, సభలో."

సగం కుట్టిన దారం పుటుక్కున తెంపి, చొక్కా ఆయన ఒక చేతిలో, బొత్తాం ఇంకో చేతిలో పెట్టి, తన బట్టలు ఇస్త్రీ చేసుకోవడానికి లేచింది.