పన్నెండు డిగ్రీల వాలు

మంగళవారం ఉదయం నుంచి కాంతామణి గది పన్నెండు డిగ్రీలు కుడికి వాలి ఉంది. ఆమె గీస్తున్న అక్షరాలదీ అదే వాలు. కుర్చీ జారకుండా దాని కుడి కాళ్ల కింద రెండు నిఘంటువులు పెట్టుకుని ఆమె పని చేసుకుంటోంది.

కాంతామణి బందరులో అచ్చు అక్షరాలకు రూపాలు గీస్తుంది. ఇప్పటిది ఇటాలిక్ ఫాంటు, అంటే వాలు అక్షరాలు. పైనుంచి లావుగా దిగి, ఒంపు దగ్గర వెంట్రుకంత సన్నబడి, అడుగున చిన్న పాదం మీద ఆగే అక్షరాలు. అన్నీ కుదిరాయి, 'మ' తప్ప. పాదం ఎంత వెడల్పు చేసినా అది కాగితం మీద నుంచి జారి ఆమె ఒళ్లో పడుతోంది. పడినప్పుడల్లా వెచ్చగా తగులుతోంది.

ప్రెస్సు యజమాని మస్తాన్ గారు గోడ పట్టుకుని లోపలికి వస్తారు.

"ఏమ్మా, అయిందా? శుభలేఖలు ఆగిపోయినయ్."

"'మ' నిలబడటంలేదండీ."

ఆయన దాన్ని అరచేతిలోకి తీసుకుని చూస్తారు. "నిలువు అక్షరం ఊరందరికీ చెప్పేదమ్మా. వాలు అక్షరం ఒకరి చెవిలో చెప్పేది. పెళ్లికూతురి పేరు, పుస్తకంలో అంకితం, అట్టాంటియి. ఎవరికి చెప్పాలో తెలీకపోతే ఇదెట్టా నిలబడుద్ది?"

ఎవరికో కాంతామణికి తెలుసు. తొమ్మిదేళ్ల కిందట, నోటితో చెప్పలేక, ఏలూరులో ఉన్న చెల్లెలు వకుళకు ఫోన్లో రెండే మాటలు పంపింది: 'అమ్మ పోయింది'. ఇనప కడ్డీల్లాంటి అక్షరాలు. వకుళ వచ్చి, కర్మకాండ చూసి, అక్కతో మాట్లాడకుండానే వెళ్లిపోయింది.

మస్తాన్ గారు వెళ్లాక ఆమె 'మ'ను మళ్లీ కాగితం మీద పెట్టి, దాని ముందు 'అ' గీస్తుంది. 'అ' మెల్లగా ఒరిగి 'మ' భుజం మీద తల ఆనిస్తుంది. రెండూ నిలబడతాయి. 'వకుళా, అమ్మ పోయిందే' అని పూర్తిచేస్తుంది. కాగితం బల్ల దిగి, తలుపు కింద నుంచి ఏలూరు వైపు వెళ్లిపోతుంది.

సిరా ఆరకముందే తలుపు తెరుచుకుంటుంది. వకుళ. ఆమె చెప్పులకు ఏలూరు దుమ్ము.

"ఇప్పటికి చెప్పావా అక్కా. ఎలా పోయింది?"

"నీ పేరే పిలుస్తా పోయింది."

వకుళ బల్ల అంచు పట్టుకుంటుంది.

"ఆ మాట అప్పుడెందుకు చెప్పలేదు?"

"నిలువు అక్షరాల్లో రాయడానికి చెయ్యి రాలేదే."

వకుళ దగ్గరకొచ్చి అక్కను పట్టుకుంటుంది. ఇద్దరూ ఏడుస్తారు. కన్నీళ్లు నేల మీద పడవు. అడ్డంగా సాగి కిటికీలోంచి బయటకు పోతాయి. వీధిలో జనం గొడుగులు పక్కకు పట్టుకుని నడుస్తున్నారు. గొడుగు లేని ఒక ముసలావిడ మాత్రం ఆగి, దోసిలి గాలిలో నిలువుగా పట్టి, ఆ కన్నీళ్లను నిదానంగా తాగుతోంది.